నాయిన లోపలి ఆరు మూలల పలకలు

మా నాయిన మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు షేర్ ఆటో నడుపుతాడు. ఆ స్టాండుకు ఒక పద్ధతి ఉంది. ఆటోలు వరుసలో ఆగుతాయి, ముందున్నదే ముందు నిండాలి. వంతు వచ్చినప్పుడు డ్రైవరు సీట్లో లేకపోతే నంబర్ పోయినట్టే, మళ్లీ చివరికి వెళ్లి నిలబడాలి. అందుకే అక్కడ పగలంతా ఎవరూ నీళ్లు తాగరు. తాగితే దిగాలి, దిగితే పెట్రోల్ బంకు వెనక్కి నడవాలి, తిరిగొచ్చేసరికి నంబర్ మాయం. మండే ఎండలో కూడా నాలుక తడుపుకొని సీసా మూత పెట్టేస్తారు. దాహాన్ని ఆపుకోవడం కూడా క్లచ్చు తొక్కడం లాగా డ్రైవింగులో భాగమే అనుకునేవాడు నాయిన.

కిడ్నీలో రాళ్లు ఆయనకు కొత్త కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంటికి చుట్టాల కంటే అవే ఎక్కువసార్లు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ వీధంతా వైద్యులే. పక్కింటి కాకినాడ ఆంటీ ఉలవచారు పంపేది. అమ్మ టమాటాలు బంద్ పెట్టేది. స్టాండులో అందరికంటే పాత డ్రైవరును పెద్దన్న అంటాం. ఆయన ఇంటికొచ్చి మరీ సలహా ఇచ్చేవాడు.

"బీరు గొట్టు తమ్మీ. రాయి కొట్టుకపోతది."

"చర్చికి పోయే మనిషికి గదేం మాట అన్నా?" అనేది అమ్మ.

"మందు లెక్క తాగమంటున్న చెల్లె. పాపం రాదు."

"పాపం రాకున్నా పాస్టరు వస్తడు" అన్నాన్నేను. సలహా అక్కడితో ఆగింది.

పోయిన ఎండాకాలం ఆపరేషన్ దాకా వెళ్లింది. ఈసారి తీసిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపారు. డాక్టరమ్మ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఇది అందరికీ వచ్చే రాయి కాదండీ. సిస్టీన్ రాయి. పుట్టుకతో వచ్చే లోపం. ఎడమ కిడ్నీ ఇప్పటికే సగం దెబ్బతింది. ఇంకా రాళ్లు కడుతూ పోతే అది దక్కదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ కంప్యూటర్లో ఒక ఫొటో చూపించింది. మూత్రంలో దొరికిన స్ఫటికాలట. చక్కగా ఆరు మూలలతో, ఫుట్‌పాత్ మీద పరిచే సిమెంటు పలకల్లాగా ఉన్నాయి.

"నాయినా, రోడ్డు మీద తిరిగి తిరిగి ఫుట్‌పాత్ లోపలేస్కున్నవా ఏంది?"

అమ్మ ఏడుస్తూనే నా తొడ గిల్లింది.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. మనం తినే మాంసకృత్తుల్లో గంధకం ఉన్న తునకలు కొన్ని ఉంటాయి. అవి రెండేసి చొప్పున గంధకపు చేతులు కలుపుకుంటే సిస్టీన్. అందరి కిడ్నీలూ దాన్ని తిరిగి రక్తంలోకి లాక్కుంటాయి. మా నాయిన కిడ్నీలు వదిలేస్తాయి. ఆ జంట నీళ్లలో సరిగ్గా కరగదు, పేరుకుని రాయవుతుంది. డాక్టరమ్మ రాసిన గోలీలోనూ గంధకపు చెయ్యి ఉంది. అది జంట మధ్యలో దూరి, విడదీసి, ఒకదాని చెయ్యి తనే పట్టుకుంటుంది. ఈ కొత్త జంట మాత్రం నీళ్లలో సులువుగా కరిగిపోతుంది.

"అంటే పెండ్లి చెడగొట్టే గోలీ" అన్నాను.

"అలాగే అనుకో బాబూ. కానీ కరగడానికి నీళ్లుండాలిగా. బాగా తాగాలి. ఉప్పు కూడా తగ్గించండి. గోలీ వల్ల రుచి కాస్త మందగించొచ్చు, చెప్పి ఉంచుతున్నా."

ఇంటికొచ్చి గోలీల సీసా మూత తీశామో లేదో, సూరారంలో బ్యూటీ పార్లర్ నడిపే మా అక్క ముక్కు మూసుకుంది.

"గిది మా జుట్టు సాపుజేసే క్రీము వాసన!"

నేను నవ్వాను. తర్వాతిసారి అడిగితే డాక్టరమ్మ నవ్వలేదు. వెంట్రుకను గట్టిగా పట్టి ఉంచేవి కూడా అలాంటి గంధకపు ముడులేనట, ఆ క్రీము వాటినే విప్పుతుందట. అప్పటి నుంచి అక్క దృష్టిలో నాయిన ఆమె కస్టమరు.

అమ్మ ఉప్పు తగ్గించింది. నాయిన చేపల పులుసు నోట్లో పెట్టుకుని గోలీని తిట్టాడు. "నాలుక సచ్చిపోయింది." అమ్మ అవునని తలూపింది.

అయినా తర్వాతి పరీక్షలో పలకలు మళ్లీ కనిపించాయి. డాక్టరమ్మ సూటిగా అడిగింది.

"పగలు నీళ్లు తాగుతున్నారా?"

నాయిన ఫ్యాను వైపు చూశాడు. "స్టాండుల ఉన్నప్పుడు తాగనమ్మా. నంబర్ పోతది."

ఆ సాయంత్రం ఇంట్లో గొప్ప సీను. ఆటో అమ్మేస్తానన్నాడు నాయిన. తానే వెళ్లి ఆటోలో కూర్చుంటానంది అమ్మ.

"కూసో అమ్మా, సవారీలు మస్తుగ వస్తరు. నడిపేదెవరు?" అన్నాను.

తెల్లారి స్టాండుకు వెళ్లి, సెల్‌లో దింపుకున్న పలకల ఫొటో పెద్దన్నకు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిన్ని రోజులు బీరు తాగుమన్న. నీళ్లు తాగుమనలేదేందిరా నేను?"

అందరినీ పిలిచి అక్కడికక్కడే తేల్చాడు. నాయిన దిగేటప్పుడు సీట్లో నీళ్ల సీసా పెట్టి వెళ్లాలి. సీసా ఉన్నంతసేపు నంబర్ పోదు, సవారీలను పక్కవాళ్లే ఎక్కిస్తారు. రెండు వారాలు తిరక్కుండానే అన్ని సీట్లలో సీసాలు వెలిశాయి, డ్రైవర్లేమో చాయ్ బండి దగ్గర తేలారు. పెద్దన్న మళ్లీ పంచాయితీ పెట్టాడు. "సీసా ఖాళీగుంటెనే నంబర్. నిండుగుంటె ఎనకకే." అలా మా స్టాండు మొత్తం నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

మొన్న మళ్లీ పరీక్షకు వెళ్లాం. డాక్టరమ్మ తెర మీది ఫొటోలను ఒక్కొక్కటే జరిపి చూసింది. "ఈసారి పలకలు కనిపించట్లేదు. అలాగని నీళ్లు మానకండి, గోలీ అసలే మానకండి." నాయిన నమస్కారం పెట్టి జల్దీగా బయటికి నడిచాడు.

శామీర్‌పేట దాటాక ఆటో పక్కకు ఆపి, ఖాళీ సీసా నా ఒళ్లో పెట్టి పొదల వైపు వెళ్లాడు. అంతలో అమ్మ ఫోను.

"ఏమన్నరు బిడ్డా?"

"లేవన్నరు."

అమ్మ దేవునికి స్తోత్రాలు చెప్పి, ముక్కు చీది, అడిగింది. "నాయినేడిరా? ఫోనియ్యి."

"జర ఆగు" అన్నాను. "పనిల ఉన్నడు."