ఆ రోజు ఊరి జనాభా

ఆ రోజుల్లో ఊరంటే నాకు ఒక పట్టిక. ఇన్ని ఇళ్లు, ఇన్ని బర్రెలు, ఇంత పత్తి, ఇంత వరి, చదువుకున్నవాళ్లు ఇందరు, వలసపోయినవాళ్లు ఇందరు. గడులన్నీ నింపేస్తే ఊరు అర్థమైపోయినట్టే అని గట్టిగా నమ్మేవాణ్ని. డిగ్రీ అయిపోయాక, హన్మకొండలో మా నాయన కిరాణా దుకాణంలో కూర్చోవడం తప్పించుకోవడానికి దొరికింది ఈ సర్వే కొలువు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, సంచిలో అమ్మ ఇచ్చిన స్టీలు నీళ్ల సీసా. అద్దంలో చూసుకుంటే కలెక్టరుకు ఒక్క మెట్టు కింద ఉన్నట్టు కనిపించేవాణ్ని (ఆ మెట్టు ఎంత ఎత్తో అప్పటికి తెలియదు). మా నాయన మాత్రం "తిరిగి రా బిడ్డా, గల్లాపెట్టె ఏడికి పోదు" అని నవ్వేవాడు. ఆ మాట నిజం కాకూడదన్నదే నా పంతం. కానీ మేం చాటుగా పర్సెంటేజీ సారు అని పిలుచుకునే మా సూపర్‌వైజర్ ముందురోజే హెచ్చరించాడు: "నీ ఊర్లల్ల తాళం ఇండ్లు ఎక్కువైతానయ్. ఇంకొక్క ఊరు గిట్ల సగం సగం, అధూర తెచ్చినవంటే ఇంటికి పోవుడే."

ఆ భయంతోనే నర్సంపేట అవతల ఒక ఊరికి బండి మీద వెళ్లాను. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టి ఉంది. సర్వేవాళ్లు వస్తున్నారని తోరణం కట్టారేమో అనుకున్నాను (నవ్వకండి, మెడలో కార్డు ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది). తాడు ఎత్తి, తల వంచి, బండి తోసుకుంటూ లోపలికి పోయాను.

మొదటి ఇంటికి తాళం. పక్క ఇంటికి తాళం. ఎదురింటికీ తాళమే. ప్రతి గడప ముందూ అడ్డంగా బూడిద గీత. పత్తి ఏరే రోజులు కదా, జనం చేన్లకు పోయారని సర్దిచెప్పుకున్నాను. కానీ అందరూ చేన్లకు పోయిన ఊళ్లో కూడా ఒక ముసలాయన మంచంలో దగ్గుతుంటాడు, ఒక కుక్క లేచి మొరుగుతుంది. ఇక్కడ కుక్క లేదు, కోడి లేదు, కొట్టాలలో ఒక్క బర్రె లేదు. ఎండ నడినెత్తి మీద ఉంది. ఎక్కడో నల్లా నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు గచ్చు మీద పడుతున్న చప్పుడు వీధి పొడవునా వినిపిస్తోంది. "ఇంట్లో ఎవరండీ" అని పిలిస్తే నా గొంతే ఎదుటి గోడకు తగిలి తిరిగొచ్చింది. ధైర్యం కోసం ఈల మొదలుపెట్టి సగంలో ఆపేశాను, ఎవరో వింటున్నట్టు అనిపించి. పట్టపగలు, మెడలో కార్డు ఉండగా, నాకు భయమేసింది. అయినా ట్యాబులో 'తాళం', 'తాళం' అని నొక్కుకుంటూ ముందుకే పోయాను, ఎందుకంటే వెనక గల్లాపెట్టె ఉంది.

ఊరి చివరి ఇంటికీ తాళమే. అలవాటు కొద్దీ తలుపు తట్టాను. లోపలి నుంచి ఎవరో తిరిగి తట్టారు.

"ఎవలది?" అంది ఒక బొంగురు గొంతు.

"సర్వే," అన్నాను, ఎవరికి చెబుతున్నానో తెలియకుండానే.

"బతికినోనివేనా?"

సరిగ్గా అదే ప్రశ్న నేను అడగాలనుకుంటున్నాను. అంతలో పక్కనున్న కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది. లోపలంతా చీకటి. చువ్వల మధ్య నుంచి మోచేతి దాకా పచ్చబొట్లున్న ఎండిపోయిన చెయ్యి ఒకటి బయటికి వచ్చి వేళ్లు ఆడించింది. "మంచం తలుపు కాడ్నే ఉన్నది, కుండ దూరమున్నది, లేవరాదు. జర నీళ్లు పొయ్యి కొడుకా." కాళ్లు పారిపొమ్మంటున్నా చెయ్యి మాత్రం సీసా అందించింది. తగిలిన వేళ్లు చల్లగా ఉన్నాయి. సీసా చీకట్లోకి పోయింది, తరువాత గుటకల చప్పుడు వినిపించాక నాకు ప్రాణం లేచొచ్చింది. దయ్యాలకు దాహం వేయదని అప్పటికప్పుడు నేనే తీర్మానించుకున్నాను.

"ఊర్ల వరుసవెట్టి చావులైతానయ్ బిడ్డా," అంది ఆ అవ్వ. "కీడు సోకిందన్నరు. పొద్దు పొడవకముందే అందరు ఊరిడిసి మామిడితోటకు వోయిండ్రు. ఆడనే వండుకోని తిని పొద్దూకినంక అస్తరు. అప్పటిదాక ఊర్ల మనిషి ఉండద్దు, ఉంటె కీడు పోదట. నా తుంటి ఇరిగె, ట్రాక్టర్ ఎక్కలేను. పరకాలల బిడ్డ ఇంటికి తోలినమని అందరికి చెప్పి నా కోడలు నన్ను గిట్ల దాసిపెట్టింది. తెలిసిందంటే రేపు ఎవలింట్ల ఏమైనా దాన్నే అంటరు, బతకనియ్యరు. నువ్వు నోరు జారకు."

నాకు వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "ఇంట్ల ఎందరు అవ్వా?"

"ఇయ్యాల ఇంట్లనే గాదు, ఊరంతట్ల నేనొక్కదాన్నే. రాసుకో," అని కిటికీ మూసేసింది. బుద్ధిమంతుణ్ని కదా, రాసుకున్నాను.

తిరిగి తాడు కింద నుంచి దూరి, మిగతా లెక్క కోసం తోట వైపు వచ్చేసరికి ఊరంతా అక్కడ ఉంది. పెద్ద పెద్ద గంజులు, పొగలు, ట్రాక్టర్లు, బర్రెలు, కోళ్ల గంపలు. నన్ను చూడగానే జనం వెనక్కి జరిగారు. ఒక పిల్ల కెవ్వున ఏడ్చింది. ఎవరూ లేని ఊళ్లోంచి నడిచి వచ్చినవాణ్ని కదా, అందరూ నా కాళ్ల వంక చూస్తున్నారు, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని.

"ఎవలు నువ్వు? ఊర్లకెట్ల వోయినవ్?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"సర్వే, పెద్దయ్యా. తోరణమనుకున్న."

"లోపట ఎవలన్న ఉన్నరా?"

గంజు దగ్గర గంటె తిప్పుతున్న ఒకామె చెయ్యి ఆగిపోయింది. ఆమె ముఖం చూస్తే కోడలెవరో ఎవరూ చెప్పక్కర్లేదు. "ఎవలు లేరు," అన్నాను.

"మరి గా ట్యాబుల ఏం రాసినవ్? సూపియ్యి," అని ఒక యువకుడు ట్యాబు కోసం చెయ్యి చాపాడు. తెర మీద చివరి ఇంటి నంబరు, దాని పక్కన అవ్వ లెక్క 'ఒక్కరు' అలాగే వెలుగుతున్నాయి. అంతలో పెద్దమనిషి కేక వేశాడు. "ముందు పసుపునీళ్లు పొయ్యున్రి! పిలగానికి అంటిన కీడు ఈడనే దిగిపోవాలె!" బిందెలు లేచాయి. "అది పక్కకు వెట్టు సారూ, ఖరాబైతది," అంది ఒకామె జాలిగా. పెట్టలేదు. రెండు చేతులతో గుండెకు హత్తుకుని కళ్లు మూసుకున్నాను. నీళ్లు పోస్తూనే ఉన్నారు. తెర ఒకసారి మెరిసి ఆరిపోయింది. నా కలెక్టరు కలా దానితోనే ఆరిపోయింది.

కీడు నా మీది నుంచి దిగిపోయిందని తేల్చి, తడిసి ముద్దయిన నన్ను బంతిలో కూర్చోబెట్టారు. కోడికూర వడ్డిస్తూ కోడలు మెల్లగా అడిగింది: "మంచినీళ్లు తెచ్చుకోలేదా తమ్మీ?"

"తెచ్చుకున్న అక్కా. ఊర్ల ఇచ్చచ్చిన."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంకో గంటె వేసింది. అంత కూర నేను మళ్లీ ఏ పెళ్లిలోనూ తినలేదు.

పర్సెంటేజీ సారు పసుపెక్కిన ట్యాబును చూసి నా మెడలో కార్డు తీసుకున్నాడు. మా నాయన గల్లాపెట్టె దగ్గర కాస్త జరిగి చోటిచ్చాడు. ఇప్పటికీ ఆ చోటులోనే ఉన్నాను.

మొన్న దుకాణం ముందు ఆటో ఒకటి ఆగింది. దిగినామె బెల్లం అడిగింది, నేను ముఖం చూడకుండానే "ఎంత గావాలె అక్కా" అన్నాను. ఆటోలోని చీకట్లోంచి పచ్చబొట్ల చెయ్యి ఒకటి బయటికి వచ్చింది, స్టీలు సీసాతో సహా. "జర నీళ్లు పొయ్యి కొడుకా."

ఇన్నేళ్ల తరువాత కూడా రెండడుగులు వెనక్కి వేశాను. "అవ్వా!" అన్నాను.

చెయ్యి గాల్లో ఆగింది. మేం ఒకరి ముఖం ఒకరం ఎప్పుడూ చూసుకోలేదు, ఆమెకు నా గొంతే గుర్తు. "బతికినోనివేనా?" అని పకపకా నవ్వింది. బెల్లం అడిగినామె ఆ కోడలే, ఇద్దరూ దవాఖానకు వచ్చి పోతున్నారట. నీళ్లు నింపి ఇస్తుంటే అడిగింది: "నన్ను రాసుకున్నవా మరి?"

"నీళ్లల్ల వోయింది అవ్వా."

"అయితె ఇప్పుడు రాసుకో."

చేతికందిన కాగితం తీసుకున్నాను. "ఇంట్ల ఎందరు?"

"అందరమున్నం. నన్ను గూడ కలుపుకో," అంది.

చక్కగా గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆటో మలుపు తిరిగాక చూసుకుంటే కాగితం లేదు. మాటల సందడిలో అందులోనే బెల్లం పొట్లం కట్టి ఇచ్చేశాను. గడులు నింపితే ఊరు అర్థమవుతుందనుకున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొచ్చింది. వాడి సర్వే మళ్లీ అధూరగానే మిగిలింది.