గాటు పెట్టిన పెంకు

పుత్తూరు బస్టాండులో ఒకాయన కొత్త కట్టుతో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. మోచేతి నుంచి వేళ్ళ దాకా గుడ్డ చుట్టి, వెదురుబద్దలు ఆనించి కట్టి ఉన్నారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన కలిసిన ఆ పచ్చివాసన ముక్కుకు తగలగానే నా కుడి మణికట్టు సలిపింది. దాని వెనకే కోపం వచ్చింది. నాకు ఆ వాసనంటేనే కోపం. ఇవాళ అది రెండింతలుగా ఉంది, ఎందుకంటే నేను వెళ్తున్నది చిత్తూరుకు, మా కరాటే మాస్టర్ చెంగల్రాయలు గారి సంస్మరణ సభకు. ఆయన పోయి ఏడాదయింది. సభ పెట్టింది ఆయన్ని బయటికి పంపిన కళ్యాణమండపం వాళ్ళే. నగరి బళ్ళో వ్యాయామం టీచరుగా ఉన్న నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. వాళ్ళు ఫోనుకు పంపిన ఆహ్వానంలో ఆయన ఫొటోకు దండ వేసి, కింద 'మా గురుదేవులు' అని రాశారు. బతికున్నప్పుడు మాత్రం ఆయన్ని ఒరేయ్ అని పిలవలేదన్న మాటే గానీ, అంతకంటే గౌరవంగా చూసింది లేదు.

ఆయన్ని చూడనివాళ్ళకు ఎలా చెప్పాలి? పొట్టి మనిషి, బట్టతల, పగలంతా అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్ షాపులో పని. చేతులకు ఎప్పుడూ రబ్బరు వాసనే. పొద్దున, సాయంత్రం మండపంలో మాకు కరాటే నేర్పేవారు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లోనే మాకు ఆ హాలు. ముహూర్తాలు మొదలయ్యాయంటే మా పంచింగ్ బ్యాగు కొక్కెం నుంచి దిగి వంటవాళ్ళ సామాన్ల గదిలోకి పోయేది, ఆ కొక్కేనికి పూలదండలు వేలాడేవి. మూఢం వస్తే ఊళ్ళో పెళ్ళివారు దిగాలు పడేవాళ్ళు, మేం పండగ చేసుకునేవాళ్ళం. తిరిగొచ్చిన బ్యాగు కొన్నాళ్ళ పాటు సాంబారు వాసన కొట్టేది.

ఆ బ్యాగు ఆయనే కుట్టారు. పైన టార్పాలిన్, లోపల తిరుచానూరు లాడ్జీల్లో చిరిగిపోయాక పారేసే దుప్పట్లు. ఇసుక పొయ్యచ్చు కదా అని ఎవరో అంటే, ఇసుక అడుక్కు దిగిపోతుందని, పైన గుద్దితే దూదిలా, కింద తంతే బండలా ఉంటుందని చెప్పారు. లారీ ట్యూబును పట్టీలుగా కోసి, ఒక కొస స్తంభానికి, ఇంకో కొస మా చీలమండకు కట్టి తన్నమనేవారు. రబ్బరు వెనక్కి లాగుతుంటే మోకాలు ఎత్తాలి, ఎత్తిన మోకాలు దించకుండా కాలు చాచాలి. తొడలు మండిపోయేవి. కుర్చీ వీపు మీదుగా కాలు తగలకుండా, మెల్లగా, నేల మీద పెట్టకుండా తిప్పించేవారు. వేగంగా తన్నడం కోతికి కూడా వస్తుందని, మెల్లగా తన్నగలిగితేనే కాలు మన మాట వింటున్నట్టని ఆయన లెక్క.

నా అసలు చిక్కు పిడికిలితో వచ్చింది. నాకు పుట్టుకతోనే ముక్కు మీద కోపం. పదో తరగతిలో ఉండగా ఒకరోజు దారంతో పేపరు షీటు ఒకటి వేలాడదీసి గుద్దమన్నారు. పళ్ళు కొరుక్కుంటూ గుద్దాను. పేపరు ఊగింది, చిరగలేదు. మళ్ళీ గుద్దాను. మళ్ళీ ఊగింది. పక్కన ఒక బక్క పిల్ల నవ్వుతూ కొడితే పటుక్కున చిరిగింది. నాకు ఏడుపొచ్చింది. మాస్టర్ వెనక నుంచి వచ్చి నా కుడి భుజం మీద వేలు పెట్టి కిందికి నొక్కారు.

"కోపమొస్తే నీ భుజం పైకి లేస్తాది పాపా. భుజం లేస్తే మోచెయ్యి పక్కకు పోతాది, మణికట్టు వంగతాది. ముందు దీన్ని దించు. కోపం ఉంటే ఉండనీ."

కోపం మానుకోమని నాకు ఊళ్ళో అందరూ చెప్పారు. ఉండనీ అన్నవాడు ఆయనొక్కడే. అందుకే ఆయన మాట విన్నాను. పేపరు చిరగడానికి చాలా రోజులు పట్టింది. చిరిగిన రోజు నా చేతికి ఏమీ తగిలినట్టే అనిపించలేదు. ఇంట్లో అమ్మ మాత్రం నా వేలి కణుపులు చూసి, ఇవి ఇట్లా లావైపోతే రేపు పెళ్ళిలో ఉంగరం యాడ ఎక్కుతుందని రోజూ గొణిగేది.

ఆ సంవత్సరం మా క్లాసు వార్షికోత్సవానికి మండపం కమిటీ ప్రెసిడెంటు పెద్ద పెద్దవాళ్ళను పిలిచాడు. మగపిల్లలు, ఆడపిల్లలు స్టేజీ మీద బెంగళూరు పెంకులు పగలగొట్టాలి. నా వంతు వచ్చింది. భుజం దించి కొట్టాను. రెండు ముక్కలయింది. చప్పట్లు మోగిపోయాయి. అమ్మ కూడా ఉంగరం సంగతి మరిచిపోయి లేచి నిలబడింది. సభ అయ్యాక ముక్కలు ఊడుస్తూ నా పెంకు సగం చేతిలోకి తీసుకున్నాను. విరిగిన అంచు సగందాకా గరుగ్గా ఉంది, మిగతా సగం రంపంతో కోసినట్టు నున్నగా ఉంది. వెనకవైపు గాటు పెట్టి, కనబడకుండా ఎర్రమట్టి పూశారు. మిగతా ముక్కలు కూడా తిరగేశాను. ఆడపిల్లల పెంకులన్నిటికీ గాటు ఉంది. మగపిల్లల వాటికి ఒక్కదానికీ లేదు.

నేను ముక్క తీసుకెళ్ళి మాస్టర్ ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడలేదు.

"నాకు తెలుసు పాపా," అన్నారు. "ఆడపిల్లల చెయ్యి ఇరిగితే మండపానికి చెడ్డపేరని ప్రెసిడెంటు కోయించినాడు. వద్దంటే హాలు ఇయ్యనన్నాడు. హాలు లేకపోతే మీరంతా యాడికి పోతారు?"

ఆ మాటకు ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇన్నాళ్ళు నా భుజం, నా మడమ, నా నడుము సరిదిద్దిన మనిషి, నా దెబ్బ అబద్ధమని తెలిసి చప్పట్లు కొట్టాడు. మర్నాడు పొద్దునే వెళ్ళి, గాటు లేని పెంకు కావాలని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన వద్దన్నారు. నేను కదల్లేదు. చివరికి ఆయనే తెచ్చి రెండు ఇటుకల మీద పెట్టారు. నా కళ్ళకు పెంకు కనబడలేదు, ప్రెసిడెంటు మొహం కనబడింది. భుజం చెవిదాకా లేచిందని కొట్టాకే తెలిసింది. పెంకు పెంకులాగే ఉంది. మణికట్టు విరిగింది.

విరిగిన ఎముకకు కట్టు కట్టించడానికి పుత్తూరుకు బస్సులో వెళ్ళాం. అటు అమ్మ, ఇటు ఆయన. తన తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని, నా చెయ్యి అదరకుండా దానిమీద ఆనించుకున్నారు. అమ్మ దారిపొడుగునా ఆయన్ని తిడుతూనే ఉంది. ఆయన అమ్మతో ఒక్కమాటే అన్నారు.

"తప్పు నాదే తల్లీ. కోపంగా ఉండే బిడ్డకు పెంకు ఇచ్చినా."

అది కాదు మీ తప్పు అని నాకు అరవాలనిపించింది. కట్టు కడుతుంటే నొప్పికి ఆ మాట మింగేశాను. కట్టు ఉన్నన్నాళ్ళూ ఆయనతో మాట్లాడలేదు గానీ, క్లాసు మాత్రం మానలేదు. మానితే ప్రెసిడెంటు గెలిచినట్టు ఉంటుందని నా పంతం. నేను ట్యూబు కట్టుకుని తంతుంటే ఆయన పాత టైరు ముక్కలతో కుట్టిన ప్యాడు పట్టుకుని నిలబడేవారు. ఆయన మీది కోపమంతా ఆ ప్యాడు మీద చూపించాను. ఆయన ఒక్కడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. దీనిమీద, ఇంకా దీనిమీద కొట్టు అన్నట్టు ప్యాడు ముందుకు జరిపేవారు. నా కాళ్ళలో ఇవాళ్టికీ ఉన్న బలం ఆ రోజులదే.

తర్వాతి ఏడాది అదే స్టేజీ, అవే పెంకులు. నా వంతు వచ్చినప్పుడు నేను కొట్టలేదు. పెంకును తీసి వెనక్కి తిప్పి, గోరుతో మట్టి గీకి, గాటును జనం వైపు పెట్టి పట్టుకున్నాను. మైకు అందుకుని, ఆడపిల్లల పెంకులు మాత్రమే కోసి ఇస్తున్నారని, మాకు కొయ్యని పెంకులు కావాలని చెప్పాను. అరవలేదు. హాలులో గుసగుసలు మొదలయ్యాయి. ప్రెసిడెంటు మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రమే మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నారు.

అందరూ వెళ్ళిపోయాక మాస్టర్ స్టూలెక్కి బ్యాగును కొక్కెం నుంచి దించారు. నేను కింద పట్టుకున్నాను. హాలు పోయింది నావల్లే. తిడతారని ఎదురుచూశాను. తిడితే నేనూ తిట్టాలని మాటలు సిద్ధంగా పెట్టుకున్నాను. బ్యాగు ఇద్దరం చెరో కొస పట్టుకుని గేటు దాటాక ఆయన ఆగారు.

"స్టేజీ మీద నీ భుజం లెయ్యలేదు పాపా. నేను దాన్నే సూస్తా ఉన్నా," అన్నారు.

అంతే. బాగా చేశావనలేదు, తప్పు చేశావనలేదు. ఆ తర్వాత టైర్ల షాపు వెనక రేకుల కింద, పదిమంది కూడా లేని క్లాసును చివరిదాకా నడిపారు. ఒక్క పెంకు కూడా కోయనివ్వలేదు. ఇప్పుడు దండలేస్తున్న వాళ్ళలో ఒక్కరూ ఆ రేకుల కిందకి తొంగిచూడలేదు.

ఇప్పుడు మండపంలో ప్రెసిడెంటు కొడుకు అకాడమీ నడుపుతున్నాడు. ఇవాళ్టి సభలో ఆడపిల్లలు గురుదేవులకు నివాళిగా పెంకులు పగలగొడతారట. ఫోనులో ఎంతో వినయంగా చెప్పాడు, చివర్లో నేను మైకులో నాలుగు మాటలు మాట్లాడాలని కూడా అన్నాడు. అప్పటి గొడవ అతనికి తెలియదో, మరిచిపోయాడో. తప్పకుండా వస్తానన్నాను. నా బళ్ళో పిల్లల చేతికిచ్చే ప్రతి పెంకునూ నేను ముందు తిరగేసి, గోరుతో గీకి చూస్తాను. ఇవాళ కూడా అదే చేస్తాను, అందరి ముందూ.

చిత్తూరు వచ్చింది. కట్టుతో ఉన్నాయనకు దారిచ్చి నేనూ లేచాను. మండపం కమాను మీద మా మాస్టర్ మొహం ఉన్న ఫ్లెక్సీ బస్సు కిటికీలోంచే కనబడింది. ఒళ్ళంతా భగ్గుమంది. మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, భుజం దించి, బస్సు దిగాను.