గొంతు బొంగురమ్మది, పాట కంపెనీది

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ బళ్లో ప్రార్థన పాడిన మొదటి రోజే పిల్లలంతా కలిసి ‘బొంగురమ్మ’ అని ఖాయం చేసేశారు, ఆ పేరే నిలిచింది. గొంతు అలాంటిది మరి. జలుబు చేసి తగ్గినట్టు కాదు, ఎప్పుడూ తగ్గబోతున్నట్టు ఉంటుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కళ్లజోళ్ల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. మర గుయ్యిమంటూ ఉంటే, ఆ రొదలోనే ఏదో ఒకటి పాడుకునేది. అలా పాడుకుంటూ ఇరవయ్యారేళ్ల వయసులో సొంతంగా ఒక పాట రాసి, బాణీ కట్టింది.

పాట వాళ్లమ్మ మీద. అమ్మ ఒక నాలుగంతస్తుల ఆఫీసు భవనంలో మెట్లు తుడిచేది. లిఫ్టు ఉంది గానీ తుడిచేవాళ్లు ఎక్కకూడదట. రోజూ బకెట్టు పట్టుకుని నూట నాలుగు మెట్లు. చిన్నప్పుడు బొంగురమ్మ కింది మెట్టు మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ, బకెట్టు చప్పుడును బట్టి అమ్మ ఏ అంతస్తులో ఉందో చెప్పేసేది. ‘ఇంకొక్క మెట్టే అమ్మా’ అని పాటకు పల్లవి. అమ్మకు అది ఎంత నచ్చిందంటే, తుడుస్తూ తుడుస్తూ తనే పాడుకునేది, రాగం తప్పుతూ.

పాట ఎవరి నోటో పడి ఒక లేబుల్ కంపెనీ దాకా వెళ్లింది. పాటలు రికార్డు చేయించి జనంలోకి వదలడం వాళ్ల వ్యాపారం. అక్కడి మేనేజరు మాట్లాడితే నాలుక మీద పంచదార పోసుకున్నట్టుంటుంది, అందుకే ఆమె అతనికి ‘చక్కెర’ అని పేరు పెట్టుకుంది.

"ఖర్చంతా మేమే పెడతాం తల్లీ. స్టూడియో మాది, వాయించేవాళ్లు మావాళ్లు, నలుగురికీ వినిపించే పూచీ మాది. నువ్వొచ్చి పాడు, చాలు" అన్నాడు చక్కెర.

కాగితం మీద మాత్రం వేరే ఉంది. కంపెనీ పెట్టిన ఖర్చు ముందు ఆమె వాటాలోంచే రాబట్టుకుంటుంది. రాబట్టుకున్నాక కూడా రికార్డింగు కంపెనీదే, ఆచంద్రతారార్కం. దాన్ని ఎవరికైనా, దేనికైనా వాడుకోనివ్వచ్చు, ఆమెను అడగక్కర్లేదు. ఆమె ఏడేళ్ల వరకూ ఆ పాటను ఇంకెక్కడా రికార్డు చేయకూడదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చంగా అదే. చదవకుండా సంతకం పెట్టిందా అంటే, చదివే పెట్టింది. కానీ జీవితంలో మొదటిసారి ఎవరో నీ పాట బాగుందన్నప్పుడు కాగితం మీద అక్షరాలన్నీ చీమల్లా కనిపిస్తాయి. ఎవరూ చీమల్ని చదవరు.

పాట బాగానే ఆడింది. రెండేళ్లయ్యాక ఒకరోజు టీవీలో దగ్గుబిళ్లల ప్రకటన వచ్చింది. ఒక ముసలావిడ బకెట్టుతో మెట్లెక్కుతూ ఖళ్ళుఖళ్ళున దగ్గుతుంది, బిళ్ల చప్పరిస్తుంది, ఆ తర్వాత రెండేసి మెట్లు దూకుతుంది. వెనక బొంగురమ్మ గొంతు: ‘ఇంకొక్క మెట్టే అమ్మా’. చివర్లో ఎవరో గంభీరంగా, "గొంతు బొంగురుపోయిందా?" అని అడుగుతారు. ఆ సంగతి ఆమెకు టీవీ చెప్పిందే గానీ కంపెనీ చెప్పలేదు. ఆఫీసు భవనంలో అమ్మతో పనిచేసేవాళ్లు ఆవిణ్ణి ‘దగ్గుబిళ్లా’ అని పిలవడం మొదలుపెట్టారు. సరదాకే అన్నారు. కానీ అమ్మ మెట్ల మీద పాడుకోవడం మానేసింది.

బొంగురమ్మ చక్కెర దగ్గరికి వెళ్లింది. "అది మా అమ్మ పాటండీ! ఒక్క మాట అడగొద్దా?"

"పాట నీది కాదని ఎవరన్నారు తల్లీ? రికార్డింగు మాది. మేమిచ్చింది రికార్డింగునే కదా!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. దీటైన జవాబు ఎప్పట్లాగే ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నప్పుడు తట్టింది. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక. గడువు తీరగానే పాట మళ్లీ పాడి, సొంత రికార్డింగు చేసుకోవాలి. ఎవరు వచ్చి అడిగినా ఇవ్వాలో వద్దో తనే చెప్పాలి.

అయిదేళ్లు ఓపిక పట్టింది. గడువు తీరిన వారమే ముగ్గురు కలిశారు: ఆమె, గిటారు వాయించే వాళ్ల బావ, పాత పరుపులు గోడలకు కొట్టి చిన్న స్టూడియో పెట్టుకున్న ఒకాయన. అక్క మొగుడైన ఈ బావ వృత్తికి లిఫ్టు మెకానిక్కు. స్టూడియో ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. ఖర్చు ముగ్గురిదీ సమానం కాబట్టి పెత్తనమూ సమానం, ఏదైనా చేతులెత్తి తేల్చుకుందాం అని ఒప్పందం. కంపెనీలో ఆమె మాటకు విలువ లేదు. ఇక్కడ మూడోవంతు ఉంది. వినడానికి బాగానే ఉంది.

"ఇప్పుడు నా గొంతు దిగింది బావా. కాస్త కింది శ్రుతిలో, నెమ్మదిగా పాడతాను" అంది బొంగురమ్మ.

"అయ్యో మరదలా, జనానికి తెలిసింది పాతది. ఆవగింజంత తేడా వచ్చినా నకిలీ అంటారు. దింపితే అచ్చు అలాగే దింపాలి" అని బావ చెయ్యెత్తాడు. మేస్త్రి కూడా ఎత్తాడు. ఇద్దరికి ఒకరు. అయిపోయింది.

పదకొండు ఆదివారాలు పట్టింది. అదే శ్రుతి, అదే వేగం, రెండో చరణం ముందు తీసుకున్న అదే ఊపిరి. పాతదాంట్లో మూడో చరణం దగ్గర ఎవరిదో స్టూలు కిర్రుమంది. ఆ కిర్రు కోసం బావ ఎక్కణ్ణుంచో ఒక స్టూలు మోసుకొచ్చి, స్క్రూ వదులు చేసి, దానిమీద కూర్చుని ఊగాడు. బొంగురమ్మ ఇరవయ్యారేళ్ల తనను తానే అనుకరిస్తూ పాడింది, పాడిన ప్రతిసారీ విసుక్కుంది. చివరికి రెండూ పక్కపక్కన పెట్టి వినిపిస్తే ఏది పాతదో మేస్త్రే చెప్పలేకపోయాడు. బావ ఎగిరి గంతేశాడు.

ఇల్లు అలకగానే పండగవుతుందా? పాట ఇంటర్నెట్లో పెట్టిన పావుగంటలో తిరిగొచ్చింది. దొంగపాటల్ని పట్టుకోవడానికి అక్కడొక యంత్రం ఉంటుందట. ఇది కంపెనీవారి రికార్డింగు, మీరు పెట్టడానికి వీల్లేదు అని ఆ యంత్రం తేల్చేసింది. బొంగురమ్మ చక్కెరకు ఫోన్ చేసింది.

"అంత అచ్చుగుద్దినట్టు పాడితే యంత్రం మాత్రం ఏం చేస్తుంది తల్లీ?" అన్నాడు చక్కెర. "వేరే రికార్డింగని నిరూపించుకో, ఆర్నెల్లలో తేలిపోతుంది. అంత తీరిక లేదంటావా, మళ్లీ మనమే కలిసి విడుదల చేద్దాం. ఖర్చు చెరి సగం."

కంపెనీ మీద కోపం ఆమెకు అలవాటైపోయింది. ఈసారి బావ మీద వచ్చిన కోపం మాత్రం కొత్తది.

"మొదటి రోజే చెప్పానా లేదా?"

"అందరం అనుకునే కదే చేశాం..."

"అందరం కాదు, మీరిద్దరూ! అక్కడ కంపెనీ నెత్తినెక్కింది, ఇక్కడ నువ్వెక్కావు. ఈసారి ఎవరైనా చెయ్యెత్తారో, ఆ చెయ్యి విరిచేస్తాను."

బావ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఆమె తన శ్రుతిలో, తన వేగంలో, మధ్యమధ్య ఆయాసం వస్తే ఆగి, ఒక్క పూటలో పాడేసింది. యంత్రం కిక్కురుమనలేదు. విన్నవాళ్లు పాతదానికి పదోవంతు కూడా లేరు, అయినా ఆమెకు చెప్పలేనంత సంతోషం వేసింది. అమ్మ రెండుసార్లు వింది.

మూడు నెలలకు మోకాళ్ల నొప్పుల మందు తయారుచేసేవాళ్ల నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మీ కొత్త పాట విన్నాం మేడమ్. మెట్లు, అమ్మ, ఆ నీరసం... మా మందుకు అతికినట్టుంది." ఆ అమ్మాయి చెప్పిన మొత్తం షాపులో ఏడాది జీతం. రేపు చెబుతానంది బొంగురమ్మ. ఆలోచించుకోవడానికి కాదు, ఒకళ్లను ఒకరోజు తన జవాబు కోసం కాచుకోబెట్టాలని. బావను అడిగితే, "నన్నడక్కు మరదలా, నీ ఇష్టం" అని తప్పుకున్నాడు.

మర్నాడు షాపులోంచే ఫోన్ చేసింది. "కుదరదండీ. మా అమ్మ పాట మందులకు ఇవ్వను."

అయిదేళ్లుగా నోట్లో నానుతున్న మాట. అన్నాక ఒళ్లంతా తేలికైపోయింది. ఆ సంబరంలో రెండు కళ్లజోళ్లకు ఎడమ అద్దం కుడివైపు బిగించి యజమాని చేత తిట్లు తింది. అవీ తియ్యగానే ఉన్నాయి.

సాయంత్రం ఆ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. ‘పర్లేదు మేడమ్. పాతది కంపెనీవాళ్ల దగ్గర దొరికింది. మీరేం ఇబ్బంది పడకండి, మాకూ తక్కువలో అయిపోయింది.’

బొంగురమ్మ దాన్ని నాలుగుసార్లు చదివింది. ఈసారి ఏ అక్షరమూ చీమలా కనిపించలేదు. వద్దనే హక్కు కోసం ఇన్నేళ్లు ఆగి, తనవాళ్లతో తగువులాడి, గొంతు చించుకుంది. తీరా ఆ ‘వద్దు’ ఆమె కొత్త పాట దాకానే పనిచేస్తుంది. ఎవర్ని తిట్టాలో తెలియక ఫోన్ను మంచం మీదికి విసిరింది, పగిలితే బాగుచేయించుకోవాల్సింది తనే కాబట్టి మెత్త మీదికే విసిరింది.

నెల తిరిగాక ప్రకటన వచ్చింది. అవే మెట్లు, అదే బకెట్టు, ముసలావిడే వేరు. ఈవిడ మోకాలు పట్టుకుని కూలబడింది. వెనక బొంగురమ్మ ఇరవయ్యారేళ్ల గొంతు హుషారుగా పాడుతోంది.

అమ్మ బట్టలు మడత పెడుతున్నదల్లా ఆగి చూసింది. "ఇప్పుడు మోకాళ్లంటున్నారా? నా మోకాళ్లకేమైందే, బాగానే ఉన్నాయిగా" అంది.

బొంగురమ్మ లేచి టీవీ ఆపేసింది. పక్కింటివాళ్ల టీవీలో పాట ఇంకా వస్తూనే ఉంది.