ముప్పై ఏడు చేపల బాకీ

ముందు పోయినవి చెబుతాను. తొంభై ఒక్క రోజుల్లో గాలాలు యాభై ఎనిమిది. సీసం గుండ్లు ముప్పై ఒకటి. నీళ్ల మీద తేలే బెండ్లు పన్నెండు. ఎడమ కాలి చెప్పు ఒకటి, చెవిటికల్లు ఊరి దగ్గర ఏటి ఒడ్డున బురద మింగేసింది. కుడి కాలిది చాలా రోజులు గుమ్మం పక్కనే ఉంచాను, ఎందుకో తెలియదు. కొక్కెం ఉన్న చిన్న స్ప్రింగ్ కాటా ఒకటి కృష్ణలో మునిగింది. నా ఒంటి బరువులో ఐదు కిలోల ఆరు వందల గ్రాములు. మూడు నెలల జీతం కూడా పోయింది గానీ అది మా ఆవిడ లెక్క, దాన్ని ఇందులో కలపను. ఇక చేపలు. నా గాలానికి తగిలి తప్పించుకున్నవి నావే, వాటికి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇంకొకాయన గాలానికి వచ్చి నా మూలంగా పోయినవి మాత్రం ముప్పై ఏడు.

పుట్టింది జగ్గయ్యపేటలో, ఉంటున్నది నందిగామలో. పని చేసేది కీసర దాటాక హైవే పక్కనున్న ఒక పత్తి మిల్లులో, లారీలు తూచే కాటా దగ్గర. ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు నాకు లారీలే నేర్పాయి. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయాలి, తేమకి కొంత తగ్గించాలి, చెత్తకి కొంత. ఇరవై ఆరేళ్లు ఈ పని చేసేసరికి, పెళ్లిలో విస్తళ్లు చూసినా, చర్చిలో కుర్చీలు చూసినా మనసు దానంతటదే లెక్క పెట్టేస్తుంది.

మిల్లుకి వెళ్లే దారిలో మున్నేరు వంతెన దాటాలి. బస్సు దాన్ని దాటడానికి నలభై సెకన్లు పడుతుంది. ఆ నలభై సెకన్లూ నేను కిటికీలోంచి కిందికి చూసేవాణ్ని. ఎప్పుడూ ఎవడో ఒకడు నీళ్ల పక్కన గొంతుక్కూర్చుని గాలం వేసి ఉండేవాడు. ఒకరోజు ఖాళీగా ఉండి లెక్క కట్టాను. రోజుకి రెండుసార్లు, ఏడాదికి మూడు వందల రోజులు, ఇరవై ఆరేళ్లు. అన్ని నలభై సెకన్లూ కలిపితే ఏడు రోజులకి పైనే వచ్చింది. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నేను ఇంకొకడు చేపలు పట్టడం చూస్తూ గడిపానన్నమాట. ఆ అంకె నన్ను చాలా రోజులు వదల్లేదు.

మార్చి ఆఖరికి పత్తి లారీలు తగ్గాక యజమాని దగ్గరికి వెళ్లాను.

"మూడు నెలలు సెలవు కావాలండి."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండి. చేపలు పడదామని."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "ఆదివారం పట్టుకోవచ్చు కదయ్యా."

"చర్చికెళ్లొచ్చేసరికి ఎండెక్కిపోద్దండి."

"మూడు నెలలు పట్టేటన్ని చేపలున్నాయా ఏట్లో?"

"అదే చూద్దామని అండి."

ఇంట్లో మా ఆవిడ ఇంకా సూటిగా అడిగింది. "వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇరవై ఏళ్లుగా తెలీదు. నీళ్లల్లో చేప ఎక్కడుందో తెలుస్తదా మీకు?"

తెలియలేదు. ఏప్రిల్ మొదటి పదకొండు రోజులూ మున్నేరు వంతెన కింద మిగిలిన మడుగుల దగ్గర కూర్చున్నాను. పడ్డవి రెండు. పోయిన గాలాలు ఇరవై మూడు. పదకొండో రోజున వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

"గుండు బరువెక్కువైంది అబ్బాయ్. ఆ చప్పుడుకి ఉన్న రెండు చేపలూ జగ్గయ్యపేట దాకా పోతయ్."

డెబ్భై ఏళ్ల మనిషి, తెల్లగడ్డం, చేతిలో సన్నటి వెదురు గాలపుకర్ర. నలభై ఏళ్లు లారీ నడిపాడట. సొంతూరు వత్సవాయి, ఇప్పుడు నందిగామలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆ కొడుకే తన ఆటోలో తెచ్చి దింపి వెళ్లాడు. ఆయన్ని నేను ఆ రోజు నుంచీ డ్రైవర్ బాబాయ్ అనే పిలుస్తున్నాను. ఆయన నన్ను కాటా అబ్బాయ్ అంటాడు.

"ఇక్కడేముంది, పాత టైర్లు తప్ప," అన్నాడు. "నీకు బండుందా?"

"ఉంది బాబాయ్."

"రేపు తెల్లారి చెవిటికల్లు పోదాం. నేర్పుతా."

చెవిటికల్లు దగ్గర కృష్ణ ఎండాకాలంలోనూ నిండుగా, దాదాపు కదలకుండా ఉంటుంది. మొదటి రోజు ఆయన గాలం విసిరిన తీరు చూసి నోరు తెరిచాను. చప్పుడే లేదు. తామరాకు మీద చినుకు పడినట్టు పడింది. ఆ తర్వాత చాలాసేపు నీళ్ల వైపే చూస్తూ కూర్చుని, నెమ్మదిగా అడిగాడు.

"బెండు నిలబడిందా, పడుకుందా?"

"ఎదురుగానే ఉంది కదా బాబాయ్."

"ఎదురుగా ఉందని నాకూ తెల్సు. ఎట్లుందని అడుగుతున్నా."

అప్పుడు గమనించాను, ఆయన చూస్తున్నది బెండుకి గజం ఎడమగా. కంటి నరం దెబ్బతిందట. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది మందులతో కాపాడుకోవాలని విజయవాడలో డాక్టరు చెప్పాడట. దారి కనపడుతుంది, మనిషి కనపడతాడు, నీళ్ల తళుకులో వేలెడంత బెండు మాత్రం కనపడదు.

"చూపు తగ్గిందని ఇంట్లో తెల్సు. ఇంత తగ్గిందని తెల్వదు," అన్నాడు. "మావాడికి తెలిస్తే ఏటి గట్టు ఎక్కనీయడు. సంచిలో చేప కనపడితే నోరెత్తడు. అందుకని నీకో పని. నేను నీకు గాలం నేర్పుతా. బెండు మునగ్గానే నువ్వు 'లాగు' అను. అంతే."

అంతే కదా అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచి నేను నోట్సు రాయడం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు 'లాగు' అన్నాను, ఎన్ని పడ్డాయి. పంతొమ్మిది రోజుల్లో నేను నలభై ఒక్కసారి పిలిచాను. పడినవి నాలుగు జెల్లలు. మిగతా ముప్పై ఏడుసార్లూ ఆయన లాగితే ఖాళీ గాలం వచ్చింది, ఎర కూడా లేకుండా. ఆయన ఎరే సరిగ్గా గుచ్చలేదేమో, చెయ్యి నెమ్మదించిందేమో అనుకున్నాను. పెద్దాయన కదా, పైకి అనలేదు.

ఒకరోజు నా సంచిలోని రెండు జిలేబీ చేపల్ని తీసి ఆయన సంచిలో వేశాను. బండెక్కబోతూ సంచి చేత్తో ఎత్తి చూసి ఆగిపోయాడు.

"ఇవెవరివి?"

"మీవే బాబాయ్."

"నేను పట్టిన చేప నాకు తెల్వదా? తీస్కో." నా చేతిలో పెట్టేశాడు.

నందిగామలో వాళ్లింటి దగ్గర దింపుతుంటే కొడుకు ఆటో తుడుస్తూ ఉన్నాడు. ఖాళీ సంచి చూశాడు. తండ్రిని అబ్బా అని పిలుస్తాడు.

"ఏం అబ్బా, ఇయ్యాల కూడా చేపలకి సెలవేనా?"

"నీళ్లు వేడెక్కినయ్ రా."

కొడుకు నవ్వలేదు. నన్ను పక్కకి పిలిచాడు. "అన్నా, నిజం చెప్పు. ఆయనకి కనపడతందా? నిన్న చెంబు పక్కన నీళ్లు పోసుకున్నాడు. ఏటి దగ్గర కాలు జారితే ఎవరిది బాధ్యత? ఈ వారం చూస్తా. ఏమీ పడకపోతే ఆ కర్ర అటకెక్కుద్ది."

నేను బండి స్టార్ట్ చేశాను. అబద్ధం చెప్పడం నాకు రాదు, నిజం చెప్పడం నా పని కాదు.

మర్నాడు బండి మీద వెళ్తుండగానే బాబాయికి ఆ మాట చెప్పాను. ఒడ్డున కూర్చున్నాక గాలం విసిరి అన్నాడు, "ఇయ్యాల గట్టిగా అంకెలు పెట్టు. బెండు మొదటిసారి కదిలిన కాడ్నించి, లాగు అనేదాకా."

కాసేపటికి బెండు వణికింది.

"ఒకటి," అన్నాను. అది పక్కకి జరిగింది. "రెండు." కిందికి పోయింది. "మూడు." కనపడటం లేదు. "నాలుగు. లాగు!"

ఖాళీ గాలం. ఆయన కర్ర ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"నాలుగు దాకా ఎందుకాగావ్?"

"నిలబడాలి కదా బాబాయ్."

"ఏం నిలబడాలి?"

"అంకె."

నా నోట్లోంచి ఆ మాట వచ్చాకే నాకు అర్థమైంది. కాటా మీదికి లారీ ఎక్కగానే తెర మీద అంకెలు ఊగుతాయి. పన్నెండు వేల నాలుగు వందలు, పన్నెండు వేల మూడు వందల అరవై, మళ్లీ పైకి. ఆ ఊగేటప్పుడు చదివితే రైతుకో మిల్లుకో నష్టం. అంకె కదలకుండా నిలబడేదాకా నేను నోరు తెరవను. రైతులు వేరే మిల్లు వదిలి మా కాటాకి వచ్చేది ఆ ఒక్క ఆలస్యం కోసమే. ఇరవై ఆరేళ్లుగా నేను గర్వపడ్డదీ దానికే. బెండు కిందికి పోయి, అక్కడ కదలకుండా నిలిచి, ఇక తిరిగి రాదని ఖాయమయ్యాకే నేను లాగు అంటున్నాను. అప్పటికి చేప ఎర తిని వెళ్లిపోయి ఉంటోంది.

బాబాయి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. "చేప నీ కాటా ఎక్కి నిలబడాలా? డ్రైవరు దిగి చీటీ తీస్కోవాలా? అరే అబ్బాయ్, అది ఊగేటప్పుడే చేప. నిలబడిందంటే పోయిందని."

నేను జేబులోంచి నోట్సు తీసి లెక్క చూపించాను. "ఇప్పటిది వదిలేస్తే ముప్పై ఏడు బాబాయ్. మీ చెయ్యి మంచిదే. పోగొట్టింది నేను."

"ముప్పై ఏడా? రాశావా?" ఆయన గంభీరంగా తలూపాడు. "సరే, ఇప్పటిది మాఫీ. మిగతాది బాకీ. కొన్న చేపలొద్దు, నీ కర్రకి పడ్డవీ వద్దు. నా కర్రకి నీ మాట మీద పడాలి. రోజుకి మొదటి చేప ఇంటికి. రెండోదాన్నించి బాకీలో కొట్టేయ్. మళ్లీ లేటయితే ఒకటి కలుపు."

అలవాటు మార్చుకోవడం తేలిక కాలేదు. ఆ రోజు 'రెండు' దగ్గర అరవాలని కూర్చుంటే, గాలికి బెండు ఊగినా అరిచాను, తూనీగ వాలినా అరిచాను. ఏడుసార్లు అరిస్తే ఏడూ తప్పే. సరిగ్గా తెలియకుండా నోరు తెరవడం నాకు అబద్ధం చెప్పినట్టే ఉండేది, చెవులు వేడెక్కేవి. ఆయన మాత్రం ప్రతిసారీ ఓపిగ్గా లాగి, మళ్లీ ఎర గుచ్చి, మళ్లీ విసిరేవాడు.

"అరిచెయ్. తప్పయితే ఎర పోద్ది. ఎర్రలకేం కొదవ, నీ డబ్బా నిండా ఉన్నయ్."

ఎనిమిదోసారి బెండు వణికింది. దాని కింద ఏముందో నాకు తెలియదు. అయినా అరిచాను. కర్ర విల్లులా వంగింది. ఒడ్డున పడ్డాక చూస్తే రాగండి. తూచుదామని ఆత్రంగా స్ప్రింగ్ కాటాకి తగిలించబోతుంటే చేప ఎగిరి తన్నింది. కాటా నీళ్లలో పడిపోయింది, చేప మాత్రం బాబాయి చేతిలో మిగిలింది. దాని బరువు ఎంతో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ వారం సంచి ఒక్కరోజూ ఖాళీగా వెళ్లలేదు, కర్ర అటకెక్కలేదు.

జూన్ ఆఖరుకి బాకీ పదహారుకి దిగింది. నాకు దిగులు పట్టుకుంది. ఒకటో తారీఖు నుంచి నేను మిల్లులో ఉంటాను. తర్వాత 'లాగు' అనేదెవరు? చెప్పేవాడు లేకపోతే సంచి ఖాళీ, సంచి ఖాళీ అయితే అటక. బాబాయి ఆ సంగతే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సెలవులో ఆఖరి ఆదివారం నేను చర్చి మానేసి చెవిటికల్లు వెళ్లాను. మొదటిది పడింది. రెండోది వణుకుతోంది. ఇదే ఆఖరన్న ఆలోచనలో పడ్డానో ఏమో, పాత అలవాటు మీదికొచ్చింది. ఆగాను. అప్పుడు వెనక తుమ్మచెట్టు దగ్గర నుంచి ఒక అరుపు.

"అన్నా, తొందరగా చెప్పవయ్యా! పోయిందిగా!"

కొడుకు. ఆటో ఎక్కడో దూరంగా ఆపి నడిచొచ్చాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు గానీ, వాళ్ల నాన్న నా నోటి మీద ఆధారపడి లాగుతున్నాడని అర్థమయ్యేటంత సేపు చూశాడు. బాబాయి వెనక్కి తిరగలేదు. ఖాళీ గాలం చేత్తో తడిమి, దారం చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఇక అయిపోయిందని నేను అనుకున్నాను.

కొడుకు వచ్చి ఆయన పక్కన కూర్చుని, ఎర్రల డబ్బా తీసి ఒకదాన్ని గుచ్చి ఇచ్చాడు.

"ఈయన మాట మీద చేపలెట్టా పడతన్నావ్ అబ్బా? బస్సు పోయినాక హారన్ కొట్టే రకం."

"పద్ధతైన మనిషి రా," అన్నాడు బాబాయి. "నిలబడితే గానీ నమ్మడు." నా వైపు తిరిగి, "పదిహేడు," అన్నాడు.

ఇప్పుడు బుధవారాలు కొడుకు తీసుకెళ్తాడు. వాడు నీళ్లు కదలకముందే అరుస్తాడని బాబాయి ఫిర్యాదు. ఆదివారాలు నావి, చర్చికి మా ఆవిడ ముందు వెళ్తుంది, నేను రెండో ఆరాధనకి చేపల వాసనతో చేరతాను. నదిలో పట్టకూడని నెలల్లో ఇద్దరం వాళ్లింటి అరుగు మీద కూర్చుని గాలాలు కడతాం. ఆయనకి ఇప్పుడు దారి కూడా సరిగ్గా కనపడటం లేదు. గట్టు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంటాడు. గాలం మాత్రం అదే చప్పుడు లేకుండా విసురుతాడు.

బాకీ ఒకసారి పదకొండుకి దిగింది, మళ్లీ పెరిగింది. వారంలో ఆరు రోజులు కాటా దగ్గర అంకె నిలబడేదాకా ఆగాలి, ఏడో రోజు ఆగకూడదు. నాకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. మొన్న ఆదివారం రెండు పడ్డాయి, రెండు నేను పోగొట్టాను. పడ్డవాటిలో మొదటిది ఇంటికి. రెండోది కొట్టేసి, పోయిన రెండూ కలిపితే, ఈరోజుకి ఇవ్వాల్సినవి పంతొమ్మిది.