మా చిన్నాన్న అమ్మలేకపోయిన బండి

పోయిన వారం మా చిన్నమ్మాయి మోటారు సైకిలు కొనుక్కుంటానంటే కోలారుకు తోడు వెళ్ళాను. అక్కడి ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. స్కూటరు వద్దట, కాళ్ళు ముందుకు చాపి దర్జాగా కూర్చునే పెద్ద క్రూజరే కావాలట. నాలుగు కంపెనీల షోరూములు ఒకే రోడ్డు మీద ఉన్నాయి, టమోటా మండీలో మాదిరి ఒకరి ధర ఒకరు కనిపెట్టుకుంటూ. "పక్కవాళ్ళది పేరుకు డబ్బులు మేడం, మాది బండికి డబ్బులు" అన్నాడు సేల్స్‌మన్. ఈ మాట ఎప్పుడో విన్నానే అనుకుంటూ, తెలియకుండానే వేళ్ళ కణుపులతో పెట్రోలు ట్యాంకును తట్టాను. "అమ్మా, అదేమన్నా టెంకాయనా?" అని మా పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. నాకేమో మా చిన్నాన్న గుర్తొచ్చాడు.

మా ఊరు చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని మూసేశాక మావాళ్ళలో సగం మంది రోజూ రైలెక్కి బెంగళూరు పోయి కూలిపనో కాపలాపనో చేసి వచ్చేవారు. ఛస్తే ఆ రైలెక్కనని మొండికేసినవాడు మా చిన్నాన్న ఒక్కడే. గనిలో మెషీన్లు బాగుచేసిన చేతులు కదా, బండ్ల రిపేరు షెడ్డు పెట్టి నెట్టుకొచ్చాడు. కొన్నేళ్ళకు ఒక కొత్త కంపెనీ ఆయన్ను మా ఊళ్ళో డీలరుగా పెట్టుకుంది. పాత పెద్ద కంపెనీ బండికి తోడబుట్టినట్టుండే బండి, ధర మూడో వంతు తక్కువ. దీపావళిలోగా పది బండ్లు అమ్మితే డీలరుగా నిలుస్తాడు, లేదంటే రైలే గతి.

ఆ పాత కంపెనీ సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు దాని మీద గని ఆఫీసర్లే తిరిగేవారు. డుగ్‌డుగ్ శబ్దం మలుపు తిరగకముందే మా గని కూలీల లైను ఇళ్ళ అరుగుల మీదివాళ్ళు బీడీలు దాచుకుని లేచి నిలబడేవారు. తర్వాత్తర్వాత మావాళ్ళలో ఎవరైనా ఆ బండి కొంటే రెండు రోజులు పనీపాటా లేకుండా వీధుల్లో తిప్పేవారు, జనం లేస్తారేమోనని. అలాంటి పేరు ముందు చౌకగా అమ్మడమే నేరమైంది. "అంత కమ్మీకి ఇస్తా ఉండారంటే యాడో లోపముంటాదప్పా" అన్నాడు మా పక్కింటాయన, బండిని కళ్ళతో చూడకముందే. ధర ఎక్కువ చెబితే కొనలేమని ఏడుస్తారు, తక్కువ చెబితే అనుమానిస్తారు. ఏం మనుషులో.

ఆయుధపూజ నాడు చిన్నాన్న బండ్లకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, తనతో గనిలో పనిచేసిన వాళ్ళందరినీ పిలిచాడు. కేసరిబాత్ చేయించాడు. నలుగురైతే అప్పుడే మాట ఖాయం చేసుకునేట్టున్నారు. ముందుగా బండి మీద చేయి వెయ్యమని మా నాన్నను పిలిచారు. నాన్న పని గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గని లోపల అందరికంటే ముందు పోయి, పైకప్పు రాతిని గునపంతో తట్టి వినడం ఆయన పని. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగితే నాన్న నోరెత్తడు, ఒక అడుగు వెనక్కి వేస్తాడు. వెనకున్నవాళ్ళు మారుమాట లేకుండా వెనక్కి తగ్గుతారు. అలా బతికి బయటపడ్డవాళ్ళే ఆ రోజు వచ్చినవాళ్ళంతా. నాన్న ముచ్చటపడి ట్యాంకును తట్టాడు. డొల్లగా మోగింది. ఆయన కాలు దానంతట అదే వెనక్కి పడింది. ఉన్నవాళ్ళందరూ వెనక్కి జరిగారు.

"అన్నా, దాంట్లో పెట్రోలు పోయలేదన్నా, ఖాళీది మోగకుండా ఉంటాదా?" అని చిన్నాన్న నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. కేసరిబాత్ తిని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి నాన్న ఇల్లిల్లూ తిరిగాడు. "తప్పు నాదప్పా, బండి బాగుండాది" అని బతిమాలాడు. కాఫీ ఇచ్చారు గానీ బండి కొనలేదు. ఆయన వెనక్కి తగ్గిన చోటికి మళ్ళీ ఆయనే రమ్మన్నా గనిలో ఎవరూ పోయేవారు కాదు మరి. ఆనక పాత కంపెనీవాళ్ళు చిన్న ఇంజనుతో, అదే పేరుతో, ధర తగ్గించి కొత్త బండి దించారు. ఇంకేముంది, కొత్త కంపెనీ మా జిల్లాలోనే దుకాణం కట్టేసింది. చిన్నాన్న రైలెక్కాడు. ఏళ్ళ తరబడి ఒక అపార్టుమెంటు ముందు నిలబడి, వచ్చేపోయే పెద్ద బండ్లకు గేటు తీశాడు. నాన్న ఆయనకు ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయేవాడు. అలాగే పోయాడు. ఆ దుఃఖం నాకింకా తీరలేదు, దాచడం ఎందుకు.

బండి కొన్న మర్నాడు కామసముద్రం వెళ్ళాను. చిన్నాన్న ఇప్పుడు అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. ఇన్నేళ్ళూ అడగనిది అడిగేశాను, నాన్న మీద కోపం లేదా అని. పట్టుగూళ్ళు ఏరుతున్నవాడు చేతులు ఆపాడు.

"కోపమేందమ్మా. ఆ దినం అన్న ఎనక్కి జరిగినాడు గదా, నేనూ జరిగినాను. నా అంగడి, నా బండి, ట్యాంకులో పెట్రోలు లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా జరిగినాను. అందరూ చూసినారు."

గని మూసేసి ఇన్నేళ్ళయింది. మావాళ్ళు ఇంకా లోపల్నుంచి పైకి రాలేదు.