జాయ్సీ తీసిన బాణాలు

మాది లూథరన్ మిషను. పునీతులకు మొక్కడాలు, బొమ్మలకు దండలెయ్యడాలు మా ఇంటా వంటా లేవు. జాయ్సీ వాళ్ళు ఆర్‌సీఎం, కేథలిక్కులు. సౌదీలో హుఫూఫ్ అనే ఊళ్ళో ఒక ఆస్పత్రి మగవాళ్ళ సర్జరీ వార్డులో ఇద్దరం పదకొండేళ్ళుగా నర్సులం. హాస్టల్లో ఒకటే గది. ఈ మొక్కుల గురించి పోట్లాడుకోని వారం లేదు.

ఆమెకు యాభై ఆరేళ్ళు. అంతకుముందు పదమూడేళ్ళు సౌదీలోనే తబూక్‌లో చేసింది. అక్కడ ఉండగానే ఊళ్ళో మొగుడు సుందరరాజు జ్వరంతో పోయాడు. సెలవు దొరకలేదు. మట్టి చెయ్యడం ఫోనులో చూసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ వార్డులోకి వెళ్ళిందట. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. డ్యూటీ దిగి బూట్లు విప్పితే పాదాలు ఉబ్బిపోయి ఉంటాయి. "ఇంక నా వల్ల కాదే మణీ" అంటుంది. మర్నాడు నాకంటే ముందు లేచి తయారవుతుంది. నాకైతే ఒళ్ళు మండేది.

ఆమెకొక అలవాటుంది. రోగి చేతికున్న సూది తీసినా, ఛాతీలో గొట్టం తీసినా "హమ్మయ్య, ఒక బాణం తీశాం" అంటుంది. సౌదీవాడైనా బంగ్లావాడైనా తెలుగులోనే. "మనం నర్సులమా, వేటగాళ్ళమా?" అని మొదట్లో వెక్కిరించాను. అప్పుడు చెప్పింది.

వాళ్ళ ఊరి గుళ్ళో పునీత సెబస్తియానుగారి చెక్క బొమ్మ ఉందట. రోమా రాజుగారి కాపలా దళానికి నాయకుడాయన. క్రీస్తును నమ్మాడని తెలిసి, ఆ రాజే ఆయన్ని చెట్టుకు కట్టించి బాణాలు వేయించాడు. బొమ్మ ఒంటి నిండా రేకు బాణాలు గుచ్చి ఉంటాయి. ఆ ఏడు ఎవరింట్లో పెద్ద జబ్బు నయమైతే వాళ్ళు పండుగనాడు ఒక బాణం పీకి కళ్ళకద్దుకుంటారు. మర్నాడు ఫాదర్‌గారు మళ్ళీ గుచ్చేస్తారు. వచ్చే ఏటికి మళ్ళీ జబ్బులుంటాయి కదా మరి! ఇక్కడ గుడీ లేదు, గంటా లేదు. జనవరి ఇరవైన జాయ్సీ గదిలోనే గొణుక్కుంటూ ప్రార్థన చేసుకుంటుంది. నేను సెల్లు చూసుకుంటూ ఆమె వండిన పాయసం తింటాను.

"పాపం, అన్ని బాణాలు తగిలి చచ్చిపోయాడు" అన్నాను ఒకసారి.

"ఎవరే చచ్చిపోయింది? బొమ్మ చూసి అందరూ అలాగే అనుకుంటారు. చచ్చాడనుకుని వదిలేసి పోయారంతే. ఇరేనమ్మని ఒక విధవరాలు, పూడ్చిపెడదామని వెళ్తే ఊపిరాడుతోంది. ఇంటికి మోయించుకెళ్ళి, ఒక్కో బాణం తీసి, కట్లు కట్టి బతికించింది. బాగైనవాడు ఎటైనా పోయి దాక్కోవచ్చుగా? తిన్నగా ఆ రాజు ఎదుటికే వెళ్ళి, నువ్వు చేసేది పాపం అన్నాడు. ఈసారి దుడ్డుకర్రలతో కొట్టి చంపారు. ఆవిడ చేసిన చాకిరీ అంతా ఏమైనట్టు? ఆవిడ ఎంత ఏడ్చిందో ఎక్కడా రాయలేదు."

ఈ కథ ఆమె వార్డులో తెలుగువాడు కనబడితే చాలు చెప్పేది. రామాంజికీ చెప్పింది.

రామాంజిది అనంతపురం వైపు. ఖర్జూరం తోటలో చెట్లెక్కే పని. చెట్టు మీంచి పడి పక్కటెముకలు, తొడ విరగ్గొట్టుకుని వచ్చాడు. ఒళ్ళంతా గొట్టాలే. "ఏడు బాణాలయ్యా నీకు" అంది జాయ్సీ. రెండు నెలలు తిట్టింది, తినిపించింది, నడిపించింది. ఇక చెట్లెక్కకూడదని డాక్టరు చేత రాయించింది. ఫోన్ల మీద ఫోన్లు చేసి, వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌ని, దేశం పంపేసే ఎగ్జిట్ కాగితానికి ఒప్పించింది. శుక్రవారం విమానం. గురువారం పొద్దున ఆఖరి సూది తీస్తుండగా అతను నోరు విప్పాడు.

"సిస్టరమ్మా, నేనొకసారి తోటకు పోయొస్తా."

"సామాన్లకా? మతీన్ తెస్తాడులే." మతీన్ రాయచోటి వాడు, అతనితో పాటు చెట్లెక్కేవాడు.

"సామాన్లకు కాదు. నేను కాలు జారి పల్లేదు. నడుముకు కట్టుకునే తాడు తెగింది. పోలీసులు అడిగినప్పుడు తోట మేనేజరు, ఆ ముదీర్, పక్కనే ఉన్న్యాడు. బయపడి కాలు జారిందని చెప్పినా. ఆ తెగిన తాడుకే ముడేసి మతీనుకిచ్చినారంట. వాడు దాంతోనే ఎక్కతాండాడు."

"ఫోన్లో చెప్పి చావు!"

"చెప్పినా. అడగాలంటే వానికీ బయమే. అబద్ధం చెప్పిండేది నేను. నేనే పోయి చెప్పల్ల. మీ సామి పోలేదా? మీరే కదా చెప్పింది."

జాయ్సీ దూది ట్రేలోకి విసిరికొట్టింది. "ఒరే, నేను ఆ కథ చెప్పింది నిన్ను పొమ్మని కాదురా! వాళ్ళు నిన్ను కుళ్ళబొడిస్తే మళ్ళీ ఎవడు అతుకుతాడు? నాకు ఓపిక లేదు నాయనా, నిజంగా లేదు."

డిశ్చార్జి కాగితం ఆమె పంపితేనే కదులుతుంది. ఒక్కరోజు తొక్కిపెడితే చాలు, తిన్నగా విమానం ఎక్కించేయొచ్చు. "తొక్కిపెట్టవే, ఎవడడుగుతాడు?" అన్నాను నేను కూడా. ఫైలు కౌంటరు మీద పెట్టుకుని నిలబడే ఉంది. మధ్యాహ్నమైంది.

"ఇరేనమ్మ తలుపుకి గడియ పెట్టుంటే ఆయన బతికుండేవాడు. ఎందుకు పెట్టలేదా అని ఇన్నేళ్ళూ ఆవిడంటే కోపం నాకు" అంది. సంతకం చేసి కాగితం పంపేసింది.

శుక్రవారం రామాంజి ఫోను మూగబోయింది. మతీనుదీ అంతే. శనివారం జాయ్సీ అన్నం ముట్టలేదు. మళ్ళీ తాడు తెగిందా, మనిషినేమైనా చేశారా అని నేనూ వాళ్ళ నంబర్లు నొక్కుతూనే ఉన్నాను.

ఆదివారం మతీన్ వార్డుకొచ్చాడు, చేతిలో ఖర్జూరాల పొట్లంతో.

"కొట్టారా?" అంది జాయ్సీ. ఇంకేమీ అడగలేదు.

"ల్యాదు సిస్టరమ్మా. రామాంజి అందరి ఎదురుగా తాడు ముడి కాడ కొడవలితో కోసేసినాడు. తెగింది ఇది, నా కాలు కాదు అన్న్యాడు. ముదీర్ అరిసి, మా ఫోన్లన్నీ గుంజుకున్న్యాడు. కానీ చెయ్యి ఎత్తలే. మర్సటి రోజు వాళ్ళే ఎయిర్‌పోర్టులో దింపినారు. ఈ పొద్దున మా ఫోన్లు తిరిగిచ్చినారు, అంతలోనే ఇంటికి చేరినానని ఫోన్ చేసినాడు. మా అందరికీ కొత్త తాళ్ళొచ్చినాయి."

జాయ్సీ స్టూలు మీద కూలబడింది. డ్యూటీలో ఆమె కూర్చోవడం నేను చూడడం అదే మొదలు. ఏడ్చింది, బాగా ఏడ్చింది. మతీన్ ఏం చెయ్యాలో తెలియక ఖర్జూరాలు నా చేతిలో పెట్టాడు.

"బతికే వెళ్ళాడే మణీ" అంది ముక్కు చీదుకుంటూ. "ఈ కబురు ఇరేనమ్మకి ఎవరైనా చెప్తే బాగుండు."

చచ్చినవాళ్ళతో మాట్లాడ్డాలు మా మిషనులో లేవు.

"నువ్వే చెప్పు. వింటుంది" అన్నాను.