బ్రేకులు పట్టవన్నాడు

పెనుకొండ కొండ కింది మట్టిదారుల్లో పొద్దున్నే నడవడం నాకు అలవాటు. ఒకరోజు ఇద్దరు కుర్రాళ్ళు గేర్ల సైకిళ్ళ మీద నన్ను దాటి, రాళ్ళ మీద ఎగురుతూ గుట్ట మలుపు తిరిగి మాయమయ్యారు. వాళ్ళు లేపిన దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడ్డాను. హైస్కూలు రోజుల్లో నేనూ సైకిల్ తొక్కినదాన్నే. కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం, స్కూటరు, పిల్లల చదువులు, వీటి మధ్య ఎప్పుడు దిగిపోయానో గుర్తులేదు.

ఆ సాయంత్రం మా ఆయనతో, "నేనొక మౌంటెన్ బైక్ కొనుక్కుంటా" అన్నాను.

ఆయన నవ్వలేదు, వద్దనలేదు. "చూసి కొను. నీలాంటోళ్ళు అంగడి మెట్లెక్కితే వాళ్ళకి పండగే" అన్నాడు.

ఆ మాట మనసులో పెట్టుకునే హిందూపురం వెళ్ళాను. సైకిల్ అంగడాయన ముందూ వెనకా స్ప్రింగులున్న బండిని నా ముందుకు తోసుకొచ్చాడు. "రాయెక్కినా పరుపు మీద కూసున్నట్టే ఉంటాది మేడం. దుడ్ల సంగతి తరువాత మాట్లాడుకుందాం. ఫస్టు ఎక్కి సూడండి."

ఎక్కాను. కాలి వేళ్ళు తప్ప పాదం నేలకు ఆనలేదు.

"నాకిది పెద్దది కదండీ?"

"అందరికీ ఇదే సైజు మేడం. వారం తొక్కితే అలవాటైపోతాది."

అలవాటు పడితే కాళ్ళు పొడుగవుతాయా? దిగి, వంగి టైర్లు చూశాను. కొత్త టైరు మీద వెంట్రుకల్లాంటి సన్నటి రబ్బరు పోగులుంటాయని ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకున్నాను. వెనక టైరుకు అవి ఒక్కటి కూడా లేవు. టైరు పళ్ళ సందుల్లో ఎర్రమన్ను గడ్డకట్టి ఉంది.

"ఇది కొత్తదేనా?"

"నిన్ననే పెట్టెలోంచి తీసినాం మేడం."

"మరి ఈ మన్ను?"

"అంగడి ముందర దుమ్ము మేడం. హిందూపురం గదా!"

అది దుమ్ము కాదు, ఎండిన బురద. ఊళ్ళో వాన పడి ఎన్నాళ్ళయిందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "ఇంత అనుమానముంటే మీరేదీ కొనలేరు మేడం!" అన్నాడు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ మాట నా పక్కసీట్లోనే కూర్చున్నట్టుంది.

కొన్నాళ్ళకు ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. ధర్మవరంలో ఎవరో కొద్దిగా వాడిన మౌంటెన్ బైక్ అమ్ముతున్నారు. అడుగుతున్న ధర చూడగానే, దొంగసొత్తేమో అనిపించింది. అయినా ఆదివారం పొద్దున రైలెక్కాను. చిరునామా వెతుక్కుంటూ పోతే ఆ వీధంతా మగ్గాల చప్పుడు. పట్టుచీరల వ్యాపారం చేసే ఇల్లది. యాభై దాటిన పొట్టి మనిషి తలుపు తీశాడు. వరండాలో పాతచీర కప్పి ఉంచిన బండిని చూపించాడు.

చీర తీయగానే నా కళ్ళు దాని మీదే నిలిచిపోయాయి. ముదురాకుపచ్చ రంగు. గొలుసుకు చక్కగా నూనె పట్టించి ఉంది. ఎక్కి చూస్తే పాదాలు రెండూ నేలకానాయి. ఆయనదీ నా ఎత్తే. ఇంత మంచి బండిని ఇంత చవకగా ఎవరైనా ఎందుకమ్ముతారు?

"ఎందుకు అమ్ముతున్నారు?"

"ఊరికే."

"బిల్లుందా?"

"యాడనో పడిపోయినాది." ఆయన వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పల్ల గదమ్మా. దీనికి బ్రేకులు పట్టవు. ఎత్తెక్కేటప్పుడు గేరు జారిపోతాది. ఫ్రేములో సన్నగా చీలిక గూడా ఉండాది."

"ఎక్కడ?"

"కనపడదు. లోపల్లోపలే."

లోపం దాచేవాడి సంగతి హిందూపురంలో చూశాను. అడక్కుండానే లోపాలు చెప్పేవాణ్ణి ఏమనుకోవాలి? దొంగబండి కొన్నాడు, ఇప్పుడు భయపడుతున్నాడు, అంతే అని తేల్చుకున్నాను. చేతిసంచి భుజానికి తగిలించుకుంటుండగా ఆయన భార్య మజ్జిగ గ్లాసుతో బయటికొచ్చింది.

"ఏమక్కా, నచ్చలేదా?"

"బ్రేకులు పట్టవంటున్నారు కదమ్మా" అన్నాను.

ఆవిడ గ్లాసు నా చేతికిచ్చి మొగుడి వైపు తిరిగింది. "బ్రేకులు పట్టవా? మొన్న గదా కొత్తవి ఏయిస్తివి! వచ్చినోళ్ళందరికీ ఇట్లనే చెప్పి తోలేస్తాండావా?"

ఆయన పాతచీర తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు.

సంగతంతా ఆవిడే చెప్పింది. ఎండాకాలంలో ఆయన ఇంట్లో చెప్పకుండా తాడిమర్రి దారిలో తొక్కుకుంటూ పోయి, కంకరలో జారి గుంతలో పడ్డాడు. గొర్రెలు తోలుకొచ్చిన వాళ్ళు చూసి ఆటోలో ఎక్కించేదాకా అక్కడే పడి ఉన్నాడు. భుజం ఎముక విరిగింది. "అన్నం కలిపి నోట్లో పెట్టినా నేను. ఫోను ఎత్తకపోతే ఆ పొద్దు నా పానం ఎట్లుండెనో ఈ మనిషికి తెలుసునా?" అంది. మాట్లాడుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. ప్రకటన పెట్టింది ఆవిడే. కొనడానికి వచ్చిన వాళ్ళను తరిమేస్తున్నది ఆయన.

"దుడ్లు తగ్గించమంటే తగ్గిస్తా. ఇప్పుడే తీసకపో అక్కా" అంది.

మజ్జిగ తాగుతూ ఆలోచించాను. బండి బాగుంది. నా సైజుది. ఇంతకంటే మంచిది దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆయన నా వైపు చూడడం లేదు. మడత పెట్టిన చీరను మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెడుతున్నాడు.

"వద్దమ్మా. ఆయన ఉసురు తగిలించుకుని నేను తొక్కలేను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బాగుండాదే కత! ఇంతసేపట్లోనే ఇద్దురూ ఒకటైపోతిరా?" అని ఖాళీ గ్లాసు లాక్కుని లోపలికెళ్ళిపోయింది.

స్టేషను దాకా ఆయనే తోడొచ్చాడు. కొత్తది కొనేటప్పుడు చెబితే హిందూపురం వస్తానన్నాడు. ఇందులో ఈయనకేం లాభమో అని నాకు ఆ మాట మీదా అనుమానమే. అయినా నంబరు తీసుకున్నాను.

ఫోన్ చేసి తర్వాతి ఆదివారం హిందూపురం రమ్మన్నాను. ఆయన ఒక్కడే వస్తాడనుకుంటే భార్య కూడా రైలు దిగింది. "మీ ఇద్దర్నీ నమ్మను నేను" అంది. పాత అంగడి కథ చెప్పి, వేరే చోట చూద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఎట్లా అబద్ధమాడతాడో తెలిసినోడే మేలక్కా. కొత్తోడైతే మళ్ళా మొదట్నుంచి నేర్సుకోవల్ల."

అంగడాయన నన్ను గుర్తుపట్టాడు. ఆ రెండు స్ప్రింగుల బండి ఇంకా అక్కడే ఉంది, టైర్లు మాత్రం కడిగి ఉన్నాయి. ఎవరో తీసుకెళ్ళి నచ్చక తిరిగిచ్చారని ఈసారి తనే చెప్పాడు. ధర్మవరం ఆయన నన్ను రెండు మూడు బళ్ళ మీద కూర్చోబెట్టి, ఒక్కోదాన్ని నడిపించి చూపించాడు. నేను తొక్కబోయే దారులకు వెనక స్ప్రింగు బరువు తప్ప ఇంకేం కాదన్నాడు. డిస్క్ బ్రేకులతో, ముందు మాత్రమే స్ప్రింగున్న చిన్న ఫ్రేము బండిని ఎంచాడు. అది నాకూ కుదిరినట్టే అనిపించింది. ఆవిడ మాత్రం, "పెట్టెలోది తెప్పీయప్పా, మా ముందరే కోయి" అంది. అట్టపెట్టె కోసి, చక్రాలు బిగించి, గాలి కొట్టేదాకా మేము అక్కడే నిలబడ్డాం. టైర్ల మీద రబ్బరు పోగుల్ని వేళ్ళతో తడిమి చూసుకున్నాను.

"పడితే తల ఏమవుతాది?" అని ఆవిడ చివర్లో అడిగింది. మా జవాబు కోసం ఆగకుండా ఆవిడే గూట్లోంచి రెండు హెల్మెట్లు తీసింది. ఒకటి నా చేతికిచ్చింది. ఇంకొకటి మొగుడి తల మీద పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది. "ఇంగ చెప్పకుండా పోతే సైకిలు గాదు, నిన్నే అమ్మేస్తా" అంది. ఆయన మొహంలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఏడుస్తాడేమో అనుకున్నాను గానీ, అంగడాయన్ను అద్దం అడిగాడు.

మర్నాడు పొద్దున కొండ కింది మట్టిదారికి వెళ్ళాను. చిన్న ఎత్తుకే ఊపిరాడలేదు. గేర్లు ఎటు నొక్కాలో తెలియక తప్పుడువి నొక్కి, బండి మొరాయిస్తే దిగి తోసుకుంటూ పైకెక్కాను. దిగేటప్పుడు దారి పొడుగునా బ్రేకులు గట్టిగా పట్టుకునే ఉన్నాను, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎదురుగా ఒకాయన ఎనుముల మంద తోలుకొస్తూ, "ఏమ్మా, బండి చెడిపోయినాదా?" అన్నాడు.

"బండి బాగానే ఉందప్పా, నాకే తొక్కడం వచ్చో రాదో" అన్నాను.

ఎనుములు దాటేదాకా పక్కకు నిలబడి, దారి ఖాళీ అయ్యాక బ్రేకు మీంచి ఒక వేలు తీశాను. బండి కొంచెం వేగం అందుకుంది.